సమర్‌ఖండ్‌లో మాడిన ఎరుపు

తలకాయల లెక్క

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ముందుగా అడిగే మాట ఒకటే. "సలీం భాయ్, ఎన్ని దేశాలు తిరిగినవ్?" అడిగినవాళ్ల ముఖం చూసి జవాబు చెప్పడం నా అలవాటు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లకు నలభై అని చెప్పాను. మక్తల్ బస్టాండు చాయ్ హోటల్లో కూర్చుంటే ఇంకా ఎవరూ కనిపెట్టని దేశాలు కూడా రెండు మూడు తిరిగొచ్చాను. ఇక్కడ మాత్రం ఉన్నమాట రాస్తున్నాను: పంతొమ్మిది. అందులో పదహారింటిలో నేను చూసింది విమానాశ్రయం, హోటలు ముందుగది, బస్సు అద్దం, మనవాళ్ల తలకాయలు.

టూర్ మేనేజర్ అంటే లోకం చూసేవాడని మా అమ్మ కూడా అనుకునేది. కాదు. తలకాయలు లెక్కపెట్టేవాడు. బస్సు ఎక్కితే లెక్క, దిగితే లెక్క, మ్యూజియం లోపలికి లెక్క, బయటికి లెక్క. ముప్పై రెండు ఉండాలి. ముప్పై ఒకటి వస్తే గుండె జారిపోతుంది. ముప్పై మూడు వస్తే ఇంకా కష్టం. ఇస్తాంబుల్‌లో ఒకసారి ఎవరో కొరియా ముసలమ్మ మా బస్సెక్కి, మనవాళ్లు పెట్టిన పులిహోర తింటూ హాయిగా కూర్చుంది. ఆమెను దించబోతే మన ఆడవాళ్లే నా మీద పడ్డారు. "తిననీయ్ భాయ్, సగంల లేపుతవా మనిషిని?"

తెలంగాణ రాష్ట్రం వచ్చాక షాద్‌నగర్ చుట్టుపక్కల భూముల ధరలు ఎక్కడికో పోయాయి. నిన్నటిదాకా హైదరాబాదు పోవడానికే రెండు రోజులు ఆలోచించినవాళ్లు బ్యాంకాక్‌కు సంచులు సర్దారు. మహబూబ్‌నగర్, నల్గొండ, నారాయణపేటల నుంచి జనాన్ని పోగు చేసి, వాళ్ల మాటలో మాట్లాడి, తీసుకుపోయి తీసుకురాగల మనిషి కోసం హైదరాబాదులో ఒక ట్రావెల్స్ ఓనరు వెతుకుతున్నాడు. నాకు తెలుగు, ఉర్దూ, కన్నడం వచ్చు. ఇంగ్లీషు వచ్చినట్టు కనిపించడం కూడా వచ్చు. పని దొరికింది.

ఓనరు నేర్పిన విద్య

ఆ ఓనరు పేరు రాయను. చెడ్డవాడని కాదు. అతను నేర్పిన విద్యలో నేను అతన్ని మించిపోయాను, అందుకు. మొదటి రోజే కుర్చీ దగ్గరికి లాక్కొని చెప్పాడు.

"సలీం, మనోళ్లకు రూల్ అని చెప్పినవనుకో, కొట్లాటకు దిగుతరు. పైసలు కట్టినం, మాకేం రూల్ అంటరు. ఆచారం అని చెప్పు. ఆచారమంటే నోరు మూసుకొని తలకాయ వంచుతరు. ఎవరన్న ఏమన్న అడిగితే తెల్వదనకు. తెల్వదన్న మేనేజర్‌ను ఎవరూ నమ్మరు. ఆచారమను, అయిపాయె."

ఇదొక్కటి చాలు ఈ పనికి. మిగతాదంతా టికెట్లు, వోచర్లు.

ఆచారమనే ఆ మాటను నేను ఎట్లా వాడానో చెబుతాను. స్విట్జర్లాండులో మంచుకొండ కింద బస్సు గోలగోలగా ఉంది. నాకు తలనొప్పి. మైకు తీసుకొని, ఈ దేశంలో గట్టిగా మాట్లాడితే మంచు కూలి మీద పడుతుంది, అందుకే వీళ్లు పెళ్లిలో కూడా గుసగుసలాడుకుంటారు అన్నాను. రెండు గంటలు బస్సులో చీమ చిటుక్కుమనలేదు. థాయిలాండులో భోజనాలకు రోజూ ఆలస్యంగా వచ్చే షాద్‌నగర్ ప్లాట్ల వ్యాపారికి, ఇక్కడ ఆలస్యంగా వచ్చినవాడు వడ్డించేవాళ్ల ముందు పాట పాడి క్షమాపణ చెప్పాలి, ఆచారం అన్నాను. పాడాడు పాపం. బాగానే పాడాడు. హోటలువాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. ఈజిప్టులో అంత పెద్ద రాళ్లు ఎవరెత్తారని అడిగితే, "ఇంకెవరు, పాలమూరు కూలీలే. ఏ దేశంల ఏం కట్టినా మనోళ్లు లేకుండ అయితదా?" అన్నాను. సగం బస్సు నమ్మింది. మిగతా సగానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నల్గొండ నుంచి వచ్చిన ఒక లెక్కల సారు మాత్రం ఫోను చూసి, "సలీం భాయ్, ఇండ్ల గట్ల లేదయ్యా" అన్నాడు.

"సార్, అండ్ల రాసినోడు ఈడికి రాలేదు. నేను వచ్చిన."

సారు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నవ్వుకోండి. నేనూ నవ్వుకున్నాను, చాలా ఏళ్లు. అయితే ఆ మంచుకొండ కింద నోరు మూసుకొని కూర్చున్నవాళ్లలో కోస్గి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తిరుగు ప్రయాణంలో నా పక్క సీట్లో కూర్చుని, "మంచును జూస్తనే కేకెయ్యాల్ననిపిచ్చింది బిడ్డా, పానమంత లోపట్నే కొట్టుకున్నది. నువ్వు వద్దంటివి గద" అంది. నేను కిటికీలోంచి మబ్బులు చూశాను. ఆ ముసలమ్మ కేకను నేను ఎత్తుకుపోయానని అప్పుడే అర్థం కావలసింది. కాలేదు. అర్థం కావడానికి ఇంకో మనిషి కావలసి వచ్చాడు. ఈ రాతంతా అతని కోసమే.

మల్లప్ప అడిగింది

నారాయణపేటలో మల్లప్ప కాకా మగ్గం నేసేవాడు. మా నాన్నకు దోస్తు. ఆయన భార్య శరణమ్మ కండెలు చుట్టేది, మాటలతో కూడా మనుషుల్ని చుట్టేది. ఉజ్బెకిస్తాన్ టూరుకు మనుషులు తక్కువపడి ఇల్లిల్లూ తిరుగుతున్న రోజుల్లో వాళ్ల గడప ఎక్కాను. షాద్‌నగర్ దవాఖానలో నర్సుగా పనిచేసే కూతురు వాళ్లను ఎక్కడికైనా పంపాలని పట్టుబట్టి ఉంది. కాశీకి పొమ్మంటే మల్లప్ప ఒప్పుకోలేదు.

"ఏం దేశమది? ఏముంటదాడ?" అన్నాడు మగ్గం గుంటలోంచే.

"పట్టు ఉంటది కాకా. సందు సందుకు పట్టే. చీనా నుంచి పట్టు మోసుకపోయిన తొవ్వంట అది."

మల్లప్ప పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెను ఆపాడు. "పట్టుకు రంగెట్లద్దుతరు? పాకెట్ రంగులా, వేర్లా?"

నాకేం తెలుసు? "వేర్లే! పాకెట్ రంగు ముట్టరు. అది వాళ్ల ఆచారం."

ఆ ఒక్క మాటకు ఆయన గుంటలోంచి లేచాడు. లోపలికి పోయి, మూట విప్పి, అరచేయంత గుడ్డముక్క తెచ్చి నా ముందు పెట్టాడు. పాత చీర అంచు. అందులో ఎరుపు ఉంది. కుంకుమ ఎరుపు కాదు, మిరప ఎరుపు కాదు. మీద ఎండ పడితే లోపలి నుంచి దీపం పెట్టినట్టు వెలిగే ఎరుపు.

"గిది మా నాయిన అద్దింది. మంజిష్ట వేరు. నాకు పద్దెనిమిదేండ్లప్పుడు పాకెట్ రంగులొచ్చినయ్. నాయినా, నీ వేర్లు దంచుకుంట కూసుంటే కడుపు నిండదు, అంటి. ఆయన మల్ల నాకు నేర్పనే లేదు. సచ్చేదాక చెప్పలే. నేను అడుగలే." గుడ్డను బొటనవేలితో రుద్దాడు. "ఇప్పటికి ఎన్నిసార్లు కాగబెట్టిన్నో లెక్క లేదు. ఎరుపు వస్తది, కండ్ల ముందరనే మాడి గోధుమ రంగుకు తిరుగుతది. ఏడనో ఒక్కతాన తప్పుతున్న. ఏడనో తెల్వది. గది తెలిసిన మనిషిని ఒక్కన్ని జూస్తే చాలు. ఒక్క చీరంచు ఆ ఎరుపు నా మగ్గం మీద దించితే, నాయినకు చెప్పాల్సింది చెప్పినట్టయితది."

శరణమ్మ గుమ్మంలోంచి అంది: "ఏం చెప్తవ్? తప్పయిందంటవా? నాకైతే ఒక్కనాడు గూడ అననోడివి."

ఇద్దరి పాస్‌పోర్టులూ ఆ వారమే దరఖాస్తు పెట్టించాను.

ఉస్తా ఇంటి పిలుపు

ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మరు. నేను చెప్పిన అబద్ధం నిజమైంది. సమర్‌ఖండ్ ఊరి బయట ఒక రంగుల కార్ఖానా మా టూరు పట్టీలో ఉంది. మనవాళ్లు అక్కడ కండువాలు కొంటారని ఓనరు పెట్టిన మజిలీ. లోపలికి పోతే వాకిలి నిండా తాళ్ల మీద పట్టు దారపు లడులు ఆరుతున్నాయి. ఉల్లిపొట్టు పసుపు, దానిమ్మ తొక్క రంగు, అక్రోటు పెచ్చుల రంగు. ఆ చివర ఎరుపు. మనవాళ్లు దుకాణంలోకి ఉరికారు. మల్లప్ప చెప్పులు విడిచి ఆ ఎర్ర లడి ముందు నిలబడ్డాడు.

"శరణా, ఇటు రా. గిది నాయిన ఎరుపే."

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. ఎన్నడూ లేనిది, ఆయన మాటకు తల ఊపింది.

లోపలి నుంచి కార్ఖానా పెద్ద వచ్చాడు. వాళ్లు ఉస్తా అంటారు, మన ఉస్తాదే. ఎనభైకి దగ్గరగా ఉంటాడు, నెత్తిన చదరపు టోపీ. మల్లప్ప దండం పెట్టలేదు, చెయ్యి కలపలేదు. ఆయన చెయ్యి పట్టుకొని గోళ్లు చూశాడు. గోళ్ల మొదళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా నాయిన గోళ్లు గిట్లనే ఉండె, సలీమా" అన్నాడు.

తర్వాత ఆ ఇద్దరి మధ్య జరిగింది పంతొమ్మిది దేశాల్లో నేను చూసిన అన్నిటికన్నా గొప్పది. ఉస్తా లడిని చూపించి "రంగ్" అన్నాడు. మల్లప్ప ఎగిరి గంతేసినంత పని చేసి "ఆఁ, రంగు, రంగు!" అన్నాడు. ఉస్తా కూతురు చాయ్ తెచ్చింది, దాని పేరూ చాయే. రొట్టె వచ్చింది, నాన్. "గీల్లు మన మాటలే మాట్లాడ్తాండ్రు గదనే" అని మల్లప్ప భార్యతో అన్నాడు. శరణమ్మ సంచిలోంచి కడక్ జొన్నరొట్టె తీసి, పల్లీల పొడి అద్ది ఉస్తా చేతిలో పెట్టింది. ఆయన విరిచాడు, అది చప్పుడు చేస్తే నవ్వాడు, నమిలాడు, కారానికి కళ్లనీళ్లు పెట్టుకొని ఇంకో ముక్క అడిగాడు.

మల్లప్ప చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. వేర్లు దంచడం, పటిక నీళ్లలో పట్టు ముంచడం, గంగాళం కింద మంట. తర్వాత రెండు చేతులూ విడదీసి, ఎరుపు వచ్చినట్టు ముఖం వెలిగించి, వెంటనే నెత్తి కొట్టుకున్నాడు: మాడిపోయింది! ఉస్తా పగలబడి నవ్వాడు. తనూ నెత్తి కొట్టుకున్నాడు. అతనికీ మాడింది, ఎన్నోసార్లు. తర్వాత నవ్వాపి, వేలును లేని నీళ్లలో ముంచాడు, ఆపాడు, ఇంకా ఆపాడు, చటుక్కున తీశాడు. మల్లప్ప కూడా అట్లా చేశాడు. ఉస్తా తల అడ్డంగా ఊపాడు. ఇట్లా కాదు. తూర్పు చూపించాడు, పొద్దు పొడవడం చూపించాడు, తన ఇల్లున్న దిక్కు చూపించాడు, మల్లప్ప చేతిని పట్టుకొని నీళ్లలో ముంచినట్టు చేశాడు. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకొని వంగాడు. "మెహ్మాన్" అన్నాడు. మూడుసార్లు అన్నాడు.

"ఏమంటున్నడు సలీమా?" అన్నాడు మల్లప్ప.

నాకు మొత్తం అర్థమైంది. ఉర్దూ వచ్చినవాడికి ఆ మాటల్లో సగం తెలుసు, మిగతా సగం చేతులే చెప్పాయి. రేపు తెల్లారగానే గంగాళం ఎక్కిస్తాను. మా ఇంటికి చుట్టంగా రా. ఎంత వేడి మీద తీయాలో మాటల్లో చెప్పే పని కాదు. నీ చెయ్యి నీళ్లలో పెట్టిస్తే తెలుస్తుంది.

మా బస్సు మర్నాడు తొమ్మిదింటికి. ఆ ఇల్లు హోటలుకు అరగంట దూరం. తెల్లవారుజామున లేచి, ఒక ట్యాక్సీ పిలిచి, వాళ్లిద్దరినీ తీసుకుపోయి తీసుకురావడం. అంతే పని. కాకపోతే వాళ్లిద్దరి కోసం పోతే మిగతావాళ్లు మాకేదీ అంటారు, ఇంకొకరు ఇంకేదో అడుగుతారు. దానికన్నా అసలు సంగతి, ముందు రోజంతా తలకాయలు లెక్కపెట్టి నేను అలిసిపోయాను. నాకు నిద్ర కావాలి. ఇంతకన్నా పెద్ద కారణం కోసం ఇన్నేళ్లుగా వెతికాను, దొరకలేదు.

"ఏం లేదు కాకా, ఇంటికి రమ్మంటున్నడు. అది వీళ్ల ఆచారం. ఎవరొచ్చినా మూడుసార్లు పిలుస్తరు. మర్యాదకు. నిజంగ పోయినమనుకో, నవ్వుతరు. వీనికి మర్యాద తెల్వదు, పిలిస్తే వచ్చేసిండు అనుకుంటరు."

మల్లప్ప ఉస్తా ముఖంలోకి చూశాడు. ఆయన ఇంకా గుండె మీద చెయ్యి పెట్టుకొనే ఉన్నాడు.

"నిజంగ పిలిచినట్టే ఉండె గద?" అంది శరణమ్మ.

"అదే పెద్దమ్మా వీళ్ల గొప్పతనం. నిజమే అనిపిస్తది."

"మరి ఎరుపు సంగతి?"

"అది వాళ్ల కార్ఖానా గుట్టు. ఊరికెనే చెప్తరా?"

మల్లప్ప మెల్లగా తల ఊపాడు. బస్సులో నేను నేర్పినట్టే కుడిచెయ్యి గుండె మీద పెట్టుకొని వంగాడు, మర్యాదకు మర్యాద. ఉస్తా ముఖం విచ్చుకుంది. ఒప్పుకున్నాడని అనుకున్నాడు. నా వైపు చూసి ఖాయం చేసుకోవడానికి ఏదో అడిగాడు. గొడవ ఎందుకని నేను కూడా చెయ్యి గుండె మీద పెట్టుకొని, నాకొచ్చిన రెండు ముక్కల్లో "ఖోప్, ఎర్తగా" అన్నాను. సరే, రేపు.

మర్నాడు తొమ్మిదింటికి బస్సు బుఖారాకు కదిలింది. ముప్పై రెండు తలకాయలు. లెక్క సరిపోయింది.

అబద్ధానికి కాళ్లు మొలిచాక

బస్సులో మల్లప్ప వెనక సీటువాళ్లకు చెప్పడం విన్నాను. "గీ దేశమోల్లు పిలుస్తరు గని పోవొద్దంట. నోటి మాటేనంట." నారాయణపేటలో కూడా అదే చెప్పాడు. నేను అల్లిన కథల్లో చాలావరకు ఊరు చేరేలోపే చచ్చిపోయేవి. ఇది బతికింది. చెప్పింది నేను కాదు కదా, మల్లప్ప. ఆయన మాటను ఆ నేతగాళ్ల వాడలో ఎవరు కాదంటారు?

ఆ తర్వాత కూడా ఆయన వేర్లు కాచాడు. మనుషుల కోసం నారాయణపేట పోయినప్పుడల్లా వాకిట్లో ఒక గోధుమరంగు లడి ఆరుతూ కనిపించేది. నన్ను చూసి, "సలీమా, ఆ కార్ఖానాకు ఒక్క ఫోన్ కలుపరాదు. ఎంత కాక మీద తియ్యాలె, గదొక్కటి అడుగు. గుట్టయితే చెప్పొద్దను" అనేవాడు. "కలుపుత కాకా" అనేవాడిని. ఒకసారి కలిపానని కూడా చెప్పాను. ఎత్తలేదని చెప్పాను. నా దగ్గర ఆ నంబరే లేదు.

కరోనా వచ్చింది. ఓనరు ఆఫీసుకు తాళం పడింది. రెండేళ్లు మక్తల్‌లో మా బావమరిది కిరాణా దుకాణంలో కూర్చున్నాను. మళ్లీ విమానాలు మొదలయ్యాక ఓనరే ఫోను చేశాడు. మొదటి టూరు ఉజ్బెకిస్తాన్.

అదే కార్ఖానా. తాళ్ల మీద లడులు ఉన్నాయి, ఎరుపు మాత్రం లేదు. ఉస్తా పోయాడు, కరోనా మొదటి ఏడే. ఆయన కూతురు జుల్ఫియా నడుపుతోంది. టూరిస్టులతో మాట్లాడి నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెది, టూరిస్టులను తిప్పి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. ఆమె నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టకుండా ఉంటే బాగుండు.

"రొట్టె చప్పుడు చేసే ఆ ఇండియా ఉస్తా బాగున్నారా?" అని అడిగింది. "ఆ పొద్దున నాన్న మీ కోసం చూశారు. మా అమ్మ పలావు వండింది. ఎరుపు తీసే సమయం దగ్గరికి వస్తే, తీద్దాం నాన్నా అన్నాను. వద్దు, ఆయన చెయ్యి పెట్టాలి అన్నారు. మంట తగ్గించారు, మళ్లీ పెంచారు. మధ్యాహ్నం దాకా అట్లాగే ఆపారు."

నేను చాయ్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. నా నోరు దానంతటదే పనిచేసింది. "ఆ పొద్దున ఆయనకు జ్వరం వచ్చింది."

ఆమె ముఖం తేటపడింది. "నాన్న కూడా అదే అన్నారు! ముసలాయన, పరాయి దేశం, ఒంట్లో బాగాలేదేమో అని ఆ శుక్రవారం నమాజులో ఆయన కోసం దువా కూడా చేశారు."

లోపలికి పోయి ఒక పట్టు లడి తెచ్చింది. గోధుమ రంగు. "ఆ వాయిలోదే. మాడిపోయింది. పారేయలేదు నాన్న. ఆయన ఎప్పుడైనా వస్తే ఇవ్వమన్నారు. చూడగానే ఆయనకు తెలుస్తుందట, ఎంతసేపు ఆగామో."

ఆమె నంబరు రాసుకున్నాను. అదే నా ఆఖరి టూరు. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పాను. మీరు కూడా అదే విని ఉంటారు.

లడి అప్పజెప్పిన రోజు

లడి తీసుకుని నారాయణపేట పోయేసరికి మల్లప్ప గడప పక్కన గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి ఉన్నాయి. నేను ముందుకు వచ్చి నిలబడ్డా తల ఎత్తలేదు.

"కాకా, సలీమును."

"మాట్లాడితె గద తెలిసేది. షుగరు కండ్ల మీద పడ్డది బిడ్డా. నీడలు కనబడ్తయ్, రంగులు కనబడవ్." నవ్వాడు. "గిప్పుడు పాకెట్ రంగైనా ఒకటే, వేరైనా ఒకటే."

శరణమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అక్కడే నిలబడింది. లడిని మల్లప్ప చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పట్టు. మన పట్టు గాదు. మంజిష్ట వాసనొస్తాంది." ముఖం నా వైపు తిప్పాడు. "ఆడికి పోయినవా? ఏం రంగుంది సలీమా?"

ఎరుపు అనవచ్చు. నోట్లో ఆ మాట తయారుగా ఉంది. దీపం పెట్టినట్టుంది కాకా, మీ నాయిన ఎరుపే, నీ కోసం పంపిండు, అంటే చాలు. జీవితంలో నేను చెప్పిన అన్ని అబద్ధాల్లోకీ అదే మంచిది అయ్యేది. కానీ శరణమ్మ కళ్లు బాగానే ఉన్నాయి. అవి లడి మీద లేవు, నా మీద ఉన్నాయి.

"గోధుమ రంగు కాకా" అన్నాను. మిగతాది చెప్పాను. పిలుపు నిజమైన పిలుపేనని, రేపొస్తామని నేనే ఒప్పుకున్నానని, నిద్ర కోసం ఆచారమని చెప్పానని, పలావు, దువా, జ్వరమని మొన్న అల్లిన మాట కూడా. ఏదీ దాచలేదు.

శరణమ్మ చెంబు కింద పెట్టింది. "నీకు రెండు గంటల నిద్ర కావాల్నంటే మాకు చెప్పొద్దారా? మేమే తొవ్వ అడుక్కుంట పోకపోదుమా? నీ అంత నోరు లేదు గని మాకు కాళ్లున్నయ్ గద."

మల్లప్ప నన్ను తిట్టలేదు. లడిని మళ్లీ తడిమాడు.

"ఎంతసేపు ఆపిండన్నవు?"

"మధ్యాహ్నం దాక."

"మధ్యాహ్నం దాక!" "తెల్సిన మనిషి. మాడుతదని తెల్సి, కండ్ల ముందర మాడంగ జూసుకుంట ఆపిండు. వాయి మొత్తం ఖరాబు చేసుకున్నడు. నేనేమో ఇన్నేండ్లు ఆయనను నోటి మాట మనిషని ఊరంత చెప్పుకుంట తిరిగిన."

లడిని ఒళ్లో పెట్టుకొని, "ఆ బిడ్డకు ఫోన్ కలుపు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఒక్క మాట గూడ కలుపకు. నీకు దండం పెడ్త, కలుపకు" అన్నాడు.

కలిపాను. జుల్ఫియా సంతోషంగా పలికింది. లడి చేరిందా అంది. మల్లప్ప ఫోను వైపు ముఖం పెట్టి, ఆమె ఎదురుగా కూర్చున్నట్టు చెప్పాడు:

"బిడ్డా, నాకు జ్వరం రాలేదు. మంచిగనే ఉంటి. మీ నాయిన పిలిస్తే ఉత్త మాటేననుకున్న, రాలేదు. తప్పు నాది. మీ నాయినకు చెప్పలేకపోయిన, నీకు చెప్తున్న. తప్పు నాది."

నా వైపు తిరిగి, "చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఒక్కొక్క మాటే చెప్పాను. అటువైపు కార్ఖానాలో ఎవరో పట్టు ఉతుకుతున్న చప్పుడు వినిపించింది. ఆమె, "ఉత్త మాటేనని ఎందుకు అనుకున్నారు? నాన్న గుండె మీద చెయ్యి పెట్టి పిలిచారు కదా?" అంది. కోపం కాదు. నిజంగా అర్థంకాక అడిగింది.

"ఏమంటాంది?" అన్నాడు మల్లప్ప.

చెప్పాను.

ఆయన చూపులేని కళ్లు నేలమీద ఎక్కడో వెతికాయి. "తెల్వకనే బిడ్డా, అని చెప్పు" అన్నాడు.

అదీ చెప్పాను. ఫోను పెట్టేశాను.

"ఏం గలుపలేదు గద?"

"లేదు కాకా."

నిజమే. ఇన్నేళ్ల పనిలో మొదటిసారి ఒక మనిషి మాటను ఉన్నదున్నట్టు ఇంకో మనిషికి అందించాను. ఫోను నా చేతిలోనే ఉంది, ఆ తప్పు నాదని ఆమెకు చెప్పడానికి ఇంగ్లీషులో మూడు మాటలు చాలు, ఆ మూడూ నాకు వచ్చు. కలపొద్దన్నాడు కాబట్టి ఊరుకున్నానని శరణమ్మకు చెప్పబోయాను. ఆమె చెంబు తీసుకొని లోపలికి పోయి తలుపు వేసుకుంది.